హేమశ్రీ లేని ల్యాబు

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో, మిరపకాయల్లోంచి రంగూ ఘాటూ తీసి చిక్కటి నూనెగా విదేశాలకు పంపే ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడ ల్యాబుకు పెద్ద హేమశ్రీ. ఆమె సరేనంటేనే డ్రమ్ములకు మూత పడేది. ఏళ్ళ తరబడి చేసిన ఉద్యోగంలో ఆ ఘాటు ఆమె జుట్టులోనే కాపురం పెట్టింది.

పాత మేనేజర్ రెండేళ్ళలో రిటైరవుతాడని తెలిసినప్పుడు, ఆ కుర్చీ తనకిమ్మని యజమాని జానకిరామయ్య గారిని నోరు తెరిచి అడిగింది.

"నువ్వు పైకొస్తే ల్యాబు ఎవరు చూస్తారమ్మా? నీ అంతటివాణ్ణి ఒకణ్ణి తయారుచెయ్యి. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నారాయన.

ఆ మాట పట్టుకుని, కొత్తగా చేరిన నాగచైతన్యను తయారుచేసింది. అతనిది చురుకైన మాట, కాస్త తొందర చెయ్యి. తేమ పట్టిన కాయను వాసనతో ఎలా పట్టుకోవాలో, నూనె మాడకుండా వేడి ఎక్కడ ఆపాలో, ఏ సరుకును మొహమాటం లేకుండా వెనక్కి పంపాలో అన్నీ నేర్పింది. ఒక్కటీ దాచుకోలేదు. అతను ఎంత త్వరగా నేర్చుకుంటే తనకు అంత త్వరగా దారి దొరుకుతుందనుకుంది.

పాత మేనేజర్ వీడ్కోలు రోజున స్వీట్లు పంచి, జానకిరామయ్య గారు కొత్త మేనేజర్ పేరు చెప్పారు. నాగచైతన్య! అందరితోపాటు హేమశ్రీ కూడా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఆయన గదికి వెళ్ళింది.

"సార్, మీరు చెప్పినట్టే కదండీ నేను మనిషిని తయారుచేసింది?"

"అందుకేనమ్మా అతన్ని వేసింది! నీ దగ్గర నేర్చుకున్నవాడు. ఏదన్నా పొరపాటు చేస్తే దిద్దడానికి నువ్వున్నావు. నిన్నే అక్కడ కూర్చోబెడితే నీ పొరపాటు దిద్దేదెవరు చెప్పు?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నారు. అందుకే ఆమెకు పోట్లాడటానికి కూడా చోటు దొరకలేదు.

"మానెయ్," అన్నాడు ఆ రాత్రి ఇంట్లో భర్త శశిభూషణ్. "లోకంలో ఉన్నది ఆ ఒక్క ఫ్యాక్టరీయేనా?"

ఒంగోలు దగ్గర అలాంటిదే మరో కంపెనీవాళ్ళు మేనేజర్ కావాలని ప్రకటన ఇస్తే, సెలవు పెట్టి వెళ్ళింది. యజమానురాలు శ్యామలాంబ గారు ఎదురొచ్చి మరీ కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించారు.

"మీ పేరు తెలియనివాళ్ళెవరండీ ఈ పనిలో! మేనేజర్ పోస్టుకి ఎవరో ఒకరు దొరుకుతారు. మీరు మా ల్యాబు తీసుకోండి. జీతం మీరెంతంటే అంత."

"నేనొచ్చింది మేనేజర్ ఉద్యోగానికండీ."

"అక్కడ కూర్చుంటే మీ చేతిలో పనంతా వృథా అయిపోతుందమ్మా," అన్నారావిడ ఎంతో ప్రేమగా.

తిరుగు బస్సులో, కిటికీ అవతల ఎర్రగా పరిచిన మిరప కల్లాలు వెనక్కి పోతుంటే, పని ఇంత బాగా రాకపోయినా బాగుండేదనుకుంది. అనుకున్నందుకు తనమీద తనకే సిగ్గేసింది.

మర్నాడు నాగచైతన్య ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, నేను అడగలేదండీ. సార్ పిలిచి ఇచ్చారు. కాదనలేకపోయాను."

"నేనైనా కాదనేదాన్ని కాదులే."

"వెళ్ళిపోతారా?"

"ఎక్కడికి వెళ్ళినా ల్యాబులోకే, చైతన్యా."

విదేశీ కొనుగోలుదారులు వచ్చారంటూ ఫోన్ రావడంతో అతను గబగబా వెళ్ళిపోయాడు.

హేమశ్రీ మాస్కు పెట్టుకుని, ఆ రోజు తయారైన నూనె సీసాను వెలుతురుకు ఎత్తి పట్టింది. రంగు రవ్వంత తక్కువ. వదిలేస్తే పట్టుకునేవాళ్ళెవరూ లేరక్కడ. సీసా కింద పెట్టి, మళ్ళీ ఎత్తి చూసింది. తర్వాత ప్లాంటుకు ఫోన్ చేసి, ఆ సరుకు ఆపమని చెప్పింది.