పిన్ని వేళ్లకు పెట్టిన కంప్రెసర్

ఆగండాగండి, ఒక్క నిమిషం, ఇది వినేసి వెళ్లండి. హాలు తలుపులు తీసేశారు, జనం వచ్చి కూర్చుంటున్నారు, నేను సౌండ్ బల్ల ముందు నిలబడి ఉన్నాను, బుర్ర అస్సలు పనిచేయట్లేదు.

మా పిన్ని పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంది. మామూలు గిటార్‌కి ఆరు తీగలుంటే, దీనికి ఒక్కోదాని పక్కనా ఒక తోడు తీగ. రెండూ కలిసి మోగితే బోలెడన్ని చిరుగంటలు ఒకేసారి కదిలినట్టుంటుంది. మోగితేనే. జబ్బు చేసి లేచాక పిన్ని కుడిచేతి వేళ్లలో బలం పోయింది. నరాలు ఇక ఇంతేనన్నాడు డాక్టరు. లావు తీగ మోగితే సన్న తీగ మోగదు. ఒక మీటు గట్టిగా పడుతుంది, తర్వాతివి గాల్లో కలిసిపోతాయి.

బాబాయి డ్రమ్ములు వాయిస్తాడు, బ్యాండు కూడా ఆయనదే. పిన్నిని కూర్చోబెట్టి చెప్పాడు.

"ఒక్క పాట రికార్డు చేద్దాం. నువ్వే విను. నీ చెవి ఒప్పుకుంటే రాబోయే కచేరీలో ఆ పాటకి గిటార్ నువ్వే వాయిస్తావు. ఒప్పుకోకపోతే..."

"ఒప్పుకోకపోతే గిటారమ్మేసి, నీ డ్రమ్ముల మోత తట్టుకోడానికి చెవుల్లోకి దూది కొనుక్కుంటా. సరేనా?"

రికార్డు చేసింది నేనే, స్టూడియోలో నా పని అదే. కంప్రెసర్ అని ఒకటుంటుంది. గట్టి శబ్దాన్ని నొక్కుతుంది. నొక్కాక మొత్తాన్ని పైకి లేపితే నీరసపు శబ్దాలు కూడా గట్టివాటి సరసన నిలబడతాయి, చప్పున ఆరిపోయే మోత సాగుతూనే ఉంటుంది. పన్నెండు తీగలకి ఇది అందరూ కాస్త పెడతారు. నేనూ పెట్టాను. చాల్లేదు. దాని వెనక ఇంకోటి పెట్టాను. అబ్బబ్బ, ఏం మెరుపు! ఏం మెరుపు! మంచి సౌండు వింటూ వాయిస్తే ఇంకా బాగా వాయిస్తారు కదా అని, పిన్ని హెడ్‌ఫోన్లలోకి కూడా అదే పంపాను.

పాట మధ్యలోనే ఆపేసింది.

"చెవులపిల్లా!" నన్నలాగే పిలుస్తుంది. "ఏమైనా కలిపావా?"

"అందరికీ పెట్టేదే పిన్నీ. కొంచెం."

"అయితే వేళ్లు తిరిగొచ్చాయే! నిజంగా వచ్చాయే!"

కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకా మెత్తగా. నిమిరితేనే మోగుతుంటే ఎవరు మాత్రం కష్టపడి మీటుతారు? రికార్డింగంతా విని, తన చెవి ఒప్పుకుందని బాబాయికి చెప్పేసింది.

ఇవాళ హాల్లో రిహార్సల్. ఆ సెట్టింగులే పెట్టాను. స్టేజి మీద స్పీకర్ల హోరుకి తీగలు వాటంతటవే వణుకుతాయి. కంప్రెసర్ ఆ వణుకుని కూడా లేపేసింది. కుయ్యిమని ఒకటే కూత. తగ్గించాను. కూత ఆగింది, గిటారూ ఆగింది. పిన్ని వేళ్లు ఆడుతున్నాయి, వినిపిస్తున్నవి డ్రమ్ములే.

"ఈ స్పీకర్లకి నాకంటే వయసెక్కువలా ఉంది," అని నవ్వింది పిన్ని. "బట్టలు మార్చుకొస్తా, ఈలోగా సరిచెయ్."

ఆమె అటు వెళ్లగానే బాబాయి నా దగ్గరికొచ్చాడు.

"ఎంత పెట్టావే ఆ రోజు?"

"రెండు, బాబాయ్. రెండూ ఫుల్లుగా."

నా కుర్చీలో కూలబడ్డాడు. "నిజంగానే బాగుపడిందనుకున్నానే పిచ్చిదానా. ఇంటికెళ్తూ దారంతా ఈలేసుకుంటూ వెళ్లాను."

తలెత్తి స్టేజి వైపు చూస్తూ అన్నాడు, "గిటార్ సౌండు ఆపేసి ఆ రికార్డింగే వదులు. నేను దాంతో పాటు వాయిస్తా."

"పిన్ని కనిపెట్టదా?"

"మొదటి లైన్లోనే కనిపెడుతుంది," అని లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడామె తెర పక్కన తీగలు శ్రుతి చేసుకుంటోంది. శబ్దం ఇక్కడిదాకా రావట్లేదు. నన్ను చూసి బొటనవేలెత్తింది. రికార్డింగ్ వదిలితే ఇంతమంది ముందు బొమ్మలా నిలబెట్టినట్టు. కంప్రెసర్ ఉంచితే కూత. తీసేస్తే నిశ్శబ్దం. పరిగెత్తుకెళ్లి నిజం చెప్పేస్తే ఇక ఆ గిటారు ముట్టదు, నాకు తెలుసు. ఏది చేసినా పిన్ని వాయించడం ఇవాళ్టితో సరి. అది ఎలా ముగియాలన్నదొక్కటే నా చేతిలో ఉంది. లైట్లు తగ్గిస్తున్నారు. నా స్థానంలో ఉంటే మీరేం చేసేవాళ్లు?