రాజేశ్వరమ్మ విశ్రాంతి

నాచారంలో ఫ్యాక్టరీల గోడలు లేవక ముందు నుంచే రాజేశ్వరమ్మ కాన్పులు చేసేది. కబురొస్తే చాలు, పొయ్యి మీది అన్నం దించేసి, చెంగు నడుముకు దోపుకుని బయలుదేరేది. ఉప్పల్ ద్రాక్షతోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళకైనా, కొత్తగా అద్దెకు దిగిన కోస్తా గుమాస్తాల భార్యలకైనా ఆమె చెయ్యి ఒకేలా పనిచేసేది. కాలనీ కమిటీ కార్యదర్శి కనకరాజు గారి భార్యకు కవలలు అడ్డం తిరిగినప్పుడు తల్లినీ పిల్లల్నీ దక్కించింది ఆమే.

ఇన్ని కాన్పుల్లోనూ ఒక్కటి ఆమెను వదిలిపెట్టలేదు. పక్కింటి అనసూయమ్మ రెండో కాన్పులో నెత్తురు ఆగక, పట్నం దవాఖానాకు తీసుకుపోయే బండి దొరక్క, రాజేశ్వరమ్మ ఒళ్ళోనే కన్నుమూసింది. బిడ్డా దక్కలేదు. మిగిలింది ఏడేళ్ళ పెద్దపిల్ల సూర్యకళ. తండ్రి ఆ దుఃఖంతో ఊరొదిలి పోయాడు. రాజేశ్వరమ్మకు పిల్లలు లేరు. మొగుడు పోయి అప్పటికి చాన్నాళ్ళయింది. ఆ పిల్లను తన ఇంటికి తెచ్చుకుంది. ఉప్పల్ బడికి పంపింది, జడలు వేసింది, జ్వరమొస్తే మంచం పక్కనే కూర్చుంది. సూర్యకళ ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. మెట్రిక్ అయ్యాక నర్సు ట్రైనింగుకు పంపిందీ ఆమే.

అనసూయమ్మ గతి ఇంకెవరికీ పట్టకూడదని సూర్యకళ ట్రైనింగులో ఉన్న రెండేళ్ళూ రాజేశ్వరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ప్రసూతి కేంద్రం కావాలని ఆడవాళ్ళందరి చేత అర్జీ మీద వేలిముద్రలు వేయించింది. అర్జీ రాసి, ఆఫీసుల చుట్టూ తిరిగింది కనకరాజు. చివరికి అరవై ఎనిమిదిలో నాచారం రోడ్డు పక్కన రెండు పెంకుటి గదులు లేచాయి. నాలుగు మంచాలు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరమ్మ, రోజూ ఉండే నర్సు. ఆ నర్సు సూర్యకళే.

"మిమ్మల్ని వదిలేస్తామా అమ్మా? ఆయా ఉద్యోగం మీదే. మీ చెయ్యి పడందే మా ఆడవాళ్ళు లోపలికి వస్తారా?" అన్నాడు కనకరాజు.

కేంద్రం తెరిచినా ఆడవాళ్ళు కాన్పులకు ఇంకా ఆమెకే కబురు పెట్టేవాళ్ళు. ఒక పొద్దున రాజేశ్వరమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతుంటే సూర్యకళ ఒక కాగితమూ సిరాదిండూ పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, జర గీడ వేలిముద్ర ఎయ్యి."

"ఏంది బిడ్డా గిది?"

"నీ నౌకరి కాగితమే."

చదివి వినిపించమని అడగాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుని, పిల్ల చూపించిన చోట అద్దింది. సూర్యకళ వేలికంటిన సిరాను తడిగుడ్డతో తుడిచి, తల వంచుకుని వెళ్ళిపోయింది. పనిమీద ఉంది కాబోలు అనుకుంది రాజేశ్వరమ్మ.

పంద్రాగస్టు సాయంత్రం బడి మైదానంలో కమిటీ వాళ్ళు సభ పెట్టారు. ఊరికి సేవ చేసినవాళ్ళను సన్మానిస్తామన్నారు. కాప్రా దాకా ఎండనకా వాననకా సైకిలు తొక్కి ఉత్తరాలు పంచిన పాండురంగకు ముందు దండ వేశారు. తర్వాత రాజేశ్వరమ్మను పిలిచారు. పెట్టె అడుగున దాచుకున్న నేత చీర కట్టుకుని వచ్చిందామె. మెట్లెక్కి వేదిక మీద నిలబడింది. శాలువా కప్పారు. మైదానమంతా చప్పట్లు. ముందు వరసలో, ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలు తల్లుల ఒళ్ళో నిలబడి ఆమెకేసి చెయ్యి ఊపుతున్నారు.

కనకరాజు అద్దం కట్టించిన సన్మాన పత్రం తీసి మైకులో చదవడం మొదలుపెట్టాడు.

"ఓ మాతృమూర్తీ! మీ హస్తవాసి మా ఇళ్ళలో దీపాలు వెలిగించింది. వయోభారం వల్ల మీరు నేటితో ఈ వృత్తిని స్వచ్ఛందంగా విరమించుకుంటున్నారని తెలిసి చింతిస్తున్నాము. ఇకపై తమ దగ్గరికి ఎవరూ రాకూడదనీ, ఇళ్ళలో కాన్పులు ప్రాణాపాయమనీ, అందరూ కేంద్రానికే వెళ్ళాలనీ మీరు వేలిముద్ర వేసి విన్నవించుకున్న పెద్దమనసుకు మా జోహార్లు..."

రాజేశ్వరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె కనకరాజుకు దగ్గరగా జరిగి మెల్లగా అంది.

"నేను గట్ల అనలే సారూ."

ఆయన నవ్వు మొహం చెదరకుండానే మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "వేలిముద్ర మీదే కదమ్మా. నిండు సభలో ఎందుకు, తర్వాత మాట్లాడుకుందాం." పత్రం ఆమె చేతిలో పెట్టి ఫోటోవాడికేసి తిప్పాడు.

రాజేశ్వరమ్మ జనంలో సూర్యకళ కోసం వెతికింది. రెండో వరసలో తెల్లచీరలో ఉంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల ఒళ్ళో చేతులు ముడుచుకుని నేలకేసి చూస్తోంది. ఆ పొద్దున వేసిన వేలిముద్ర దేనికో అప్పుడు తెలిసింది రాజేశ్వరమ్మకు.

ఇంటికొచ్చాక శాలువా మంచం మీద పడేసి అడిగింది.

"కాగితంల ఏమున్నదో నీకు ఎర్కనేనా?"

సూర్యకళ గోడకు ఆనుకుని నిలబడింది. "ఎర్కనే."

"మరెందుకు జేసినవ్ బిడ్డా?"

"నువ్వుంటే నా దగ్గరికి ఎవరొస్తరు పెద్దమ్మా? రెండు నెలలాయె, మంచాలన్నీ ఖాళీనే. కాన్పులు లేకుంటే నన్ను పర్మినెంటు జెయ్యరట. కేంద్రమే మూస్తరట. ఆయా నౌకరి కనకరాజు సారు వాళ్ళ మనిషికి ఇచ్చిన్రు. ఆయనే గీ ఉపాయం జెప్పిండు. సన్మానం జేస్తే నీకు గౌరవంగ ఉంటదన్నడు."

"నాతోని ఒక్క మాట జెప్తే నేనే తప్పుకుంటుంటి గదనే! నీ కోసం గది గూడ జెయ్యనా?"

సూర్యకళ ఏడ్చింది. చిన్నప్పుడు ఆ పిల్ల ఏడిస్తే ఎత్తుకోకుండా ఉండలేని మనిషి, ఆ రోజు లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ వారంలోనే సూర్యకళ బట్టలు సర్దుకుని కేంద్రం వెనక గదికి మారిపోయింది.

ఆడవాళ్ళు రావడం మానలేదు. రాజేశ్వరమ్మే అందరినీ గడప దగ్గర నుంచే పంపేసేది. ఎవరి మీదా ఒక్క మాట తూలలేదు. దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం మిల్లు కార్మికుడు భూషణం భార్య తారామణి నొప్పులతో నడుచుకుంటూ వచ్చి ఆమె అరుగు మీద కూలబడింది. "నేను గా కేంద్రానికి పోను. నువ్వే జెయ్యి," అని చెయ్యి పట్టుకుంది. రాజేశ్వరమ్మ ఆమెను భుజం మీద ఆనించుకుని కేంద్రం దాకా నడిపించింది. గుమ్మంలోనే ఆగిపోదామనుకుంది గానీ తారామణి చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ వచ్చే రోజు కాదది.

తల బయటికొచ్చింది. భుజం చిక్కుకుంది. బిడ్డ మొహం నల్లబడుతోంది. సూర్యకళ కంగారుగా తల పట్టి లాగబోయింది.

"పెద్దమ్మా..." అంది ఏడుపు గొంతుతో.

"గుంజకు! ఆమెను మోకాళ్ళ మీదికి తిప్పు." తిప్పాక సూర్యకళను పక్కకు జరిపి రాజేశ్వరమ్మ తన చేతులతోనే భుజం విడిపించింది. కాసేపటికి బిడ్డ కేరుమంది. ఆడపిల్ల.

చేతులు కడుక్కుని వచ్చేసరికి సూర్యకళ బల్ల దగ్గర రిజిస్టరు రాస్తోంది. రాజేశ్వరమ్మకు చదువు రాదు గానీ, సూర్యకళ పేరు ఎలా ఉంటుందో తెలుసు. ఆ పిల్ల పలక మీద మొదట దిద్దుకున్న అక్షరాలవి, ఆమె పక్కన కూర్చుని చూసినవి. రిజిస్టరులో ఇప్పుడు ఆ అక్షరాలే ఉన్నాయి.

"కాన్పు జేసింది ఎవరని రాసినవ్?"

సూర్యకళ కలం ఆగింది. "నీ పేరు రాస్తే ఒప్పుకోరు పెద్దమ్మా. నువ్వు... మానేసినట్టు కాగితం ఉన్నది గద."

రాజేశ్వరమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రాసుకో. మంచిగ బతుకు. గని ఇగ నన్ను పెద్దమ్మా అనకు."

రాజేశ్వరమ్మ బయటికి నడుస్తుంటే సూర్యకళ లేచి గుమ్మం దాకా వచ్చింది. పిలవడానికి నోరు తెరిచింది గానీ ఏమని పిలవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

మరుసటి వారం నుంచి రాజేశ్వరమ్మ ఉప్పల్ ద్రాక్షతోటకు కూలికి పోయింది. పందిరి కింద ఆమెతో పనిచేసే ఆడవాళ్ళలో సగం మందికి ఆమే పురుడు పోసింది. వాళ్ళు ఆ సంగతి ఎత్తితే, "చేతులు ఆడనియ్యిండ్రి, పొద్దుపోతున్నది," అని తీగలు కత్తిరించుకుంటూ ముందుకు జరిగేది.