పసుపు గంటకు, నిప్పు మూసకు

“మూస పలిగింది నా మన్నుతోని కాదు, మీతోని! తడి బొగ్గు తెచ్చినోడు, తిత్తులు ఇష్టమొచ్చినట్టు ఊదినోడు, నిలబడి నవ్వినోడు, అందరూ తోడుదొంగలే!”

కల్వకుర్తి దారి పక్కనున్న ఆ ఊళ్లో కుమ్మరి నర్సింగమ్మ అరుపుకు కొలిమి ముందున్న జనం రెండడుగులు వెనక్కి వేశారు. లోహం కరిగించే మట్టిపాత్ర మూస. ఆమె చేసిన కొత్త మూస, కడవంత పెద్దది, నిప్పుల్లో పెట్టగానే ఢామ్మని చీలింది. ఆడవాళ్లిచ్చిన చిల్లుల బిందెలు, సొట్టల చెంబులు బూడిదలో పడ్డాయి.

ఆ ఇత్తడి బడిగంటకు. ఆడపిల్లలనూ బడిలో కూర్చోబెట్టమంటే, “ముందు గంట తెండ్రి, అప్పుడు సూద్దాం” అని పెద్దమనిషి భీమయ్య తప్పించుకున్నాడు. నర్సింగమ్మ మనవరాలు యాదలక్ష్మి అప్పటినుంచీ కిటికీ బయటే నిలబడి అక్షరాలు దిద్దుతోంది.

“ఇగ ఇత్తడి పట్నం పంపుదాం. కుండలు చేసే చేతులకు గంటలెందుకు?” అన్నాడు భీమయ్య.

“నీ ఇంట్ల బువ్వ ఉడికేది గా కుండలల్లనే పటేలా! ఇంకో మూస చేస్త. గదీ పలిగితే పంపుకో.”

ఊక బూడిద, పెంకుల పొడి కలిపి మన్ను తొక్కింది. మూస ఆరింది, కుండలు కాల్చే ఆవంలో కాలింది. ఇక కొలిమికెక్కాలి. పోత పోసే లచ్చయ్య భార్య అండాలు బిందెతో పసుపునీళ్లు తెచ్చింది. కొత్త మూసకు పెళ్లికూతురిలా స్నానం చేయించాకే నిప్పుకెక్కించడం వాళ్ల ఆచారం.

అప్పుడే పంతులు రఘుపతి పేపర్ ఊపుకుంటూ వచ్చాడు. “విన్నరా? ఆకాశం దాటిపోయిన మనిషి తిరిగొస్తుంటే గోళం చుట్టూ మంటలేనట! పైపూత కాలింది, లోపలోనికి ఏం కాలే!”

“గా పూతకు పసుపునీళ్లు పోసిండ్రా పంతులూ?” అండాలు నవ్వింది.

“పోస్తే ఆవిరి లేసి పొక్కిపోదా!” అన్నాడు పంతులు.

నర్సింగమ్మ బిందె లాక్కుంది.

“ఆగవే! చిన్న మూసలకు పొద్దున పోస్తే మాపటిదాక ఆరుతయి. మొన్న పెద్దదానికి నీళ్లు పోసి, తొందరల పచ్చిదే నిప్పుల పెడితిమి! నీళ్లు మందపు గోడల జొచ్చినయి, ఆవిరికి తొవ్వ లేక పలిగింది!”

“అయితే అక్కా, నన్ను తిట్టిన తిట్లు వాపసు తీసుకుంటవా?” అన్నాడు లచ్చయ్య.

“దాచుకో తమ్మీ, రేపటికి పనికొస్తయి!”

“మరి పసుపు?” అంది అండాలు.

“మూస తల్లి, గంట బిడ్డ. పుట్టిన బిడ్డకు స్నానం పొయ్యి!”

ఎండిన మూస కొలిమికెక్కింది. తిత్తులు బుసకొట్టాయి. మంట పచ్చబడింది, ఇత్తడి కరిగింది. మూస ఎర్రగా మెరిసింది తప్ప చిన్న బీట కూడా పడలేదు. లచ్చయ్య పట్టుకారుతో ఎత్తి అచ్చులో పోస్తే సూర్యుడే జారినట్టు జారింది.

మరునాడు అచ్చు పగలగొట్టారు. అండాలు గంటకు తనివితీరా పసుపునీళ్లు పోసింది. యాదలక్ష్మి సుత్తితో కొట్టింది. ఠంగ్‌మని బొంగురుగా మోగింది.

“నా బిందె గొంతే!” అని ఒకామె కేక. నవ్వులతో ఊరు దద్దరిల్లింది.

నర్సింగమ్మ బడి గుమ్మంలో నిలబడి భీమయ్య వైపు తిరిగింది.

“విన్నవా పటేలా? గా గంటల మా బిందెలున్నయి, మా చెంబులున్నయి. తలుపు సగం కాదు, బార్లా తెరువు! ఆడపిల్లల పేర్లు రేపు కాదు, గిప్పుడే రాయించు! యాదలక్ష్మీ, కిటికీ కాడ కాదు బిడ్డా, పోయి ముందు వరుసల కూసో!”