శనివారం పండ్లు

కోదాడ నుంచి గుడుల యాత్రకు బయలుదేరిన మినీబస్సు, పడమటి కనుమల్లోని వాన అడవిలో ఒక మలుపు దగ్గర ఆగింది. దారి పక్క చెట్ల మీద కోతులు. మన ఊళ్లలో తిరిగే రకం కావు. ఒళ్లంతా నలుపు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర సింహానికున్నట్టు చిన్న కుచ్చు.

పాండురంగం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. సూర్యాపేట కాలేజీలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినా, సింహపుతోక కోతిని బొమ్మలో తప్ప చూడలేదు. భార్య ఆండాళు పోయాక ఇంత సంతోషం కలగడం ఇదే మొదటిసారి. చూడనిచ్చేందుకన్నట్టు వాన కూడా తెరిపిచ్చింది.

అంతలో వెనక సీట్లోంచి జయమ్మ లేచింది. మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్ల కోడలు. శనివారం కోతులకు పండ్లు పెట్టనిదే ఆమె మంచినీళ్లైనా ముట్టదు.

“ఆంజనేయసామే ఎదురొచ్చిండు! జర డోర్ తియ్యి జితేందర్.”

“గీడ పెట్టొద్దమ్మా. ఆ బోర్డు సూడు,” అన్నాడు పాండురంగం.

“అరవంల రాసిన్రు సార్, మనకు కాదది,” అన్నాడు డ్రైవర్ జితేందర్. బస్సంతా నవ్వింది.

ఆ నవ్వులోనే జయమ్మ కిటికీలోంచి అరటిపండు విసిరింది. అది తారురోడ్డు నడిమధ్య పడింది. పిల్లను పొట్టకు హత్తుకున్న తల్లికోతి ఒకటి చెట్టు దిగి వచ్చింది. మలుపు అవతల లారీ హారన్ మోగింది.

పాండురంగం ఎప్పుడు దిగాడో, రోడ్డు మీద నిలబడి గొడుగు ఊపాడు. లారీ కీచుమంటూ జానెడు దూరంలో ఆగింది. లారీ డ్రైవరు ఏదో భాషలో తిట్టాడు. తల్లికోతి పిల్లతో చెట్టెక్కింది.

ఆయన బస్సెక్కుతూనే జయమ్మ మీద విరుచుకుపడ్డాడు.

“ఇదా పుణ్యం? మన దిక్కు కోతులకు రోడ్ల మీద పెట్టి పెట్టి అడవిని మరిపిచ్చినం. అవి చేన్ల మీద పడితే రైతులు పల్లి ఏసుడే బంద్ చేసిన్రు. ఇప్పుడు కోతుల్నే తిడుతున్నం! ఇవి ఈ కనుమల్ల తప్ప లోకంల ఏడా లేవు. వీటిని గూడ ఖతం జేద్దామా?”

“మరి నా నియమం, అన్నా? పొద్దటి సంది నోట్ల చుక్క నీళ్లు పొయ్యలే,” అంది జయమ్మ మెల్లగా.

“నియమం నీది, సచ్చేది అవి.”

ఆమె కిటికీలోంచి తల్లికోతి వైపు చూసింది. పిల్ల ఇంకా తల్లి పొట్టను వదల్లేదు. చివరికి ఒక పండు వొలిచి పాండురంగం ముందు పెట్టింది.

“తిను. ఏదో ఒక ప్రాణి తినాలె గద.”

“సారు ఆంజనేయుడైపోయిండు,” అన్నాడు జితేందర్, బండి కదిలిస్తూ.

కోపంతోనే తిన్నాడు పాండురంగం. జయమ్మ నీళ్ల సీసా మూత తీసింది. కోతుల మీద ఆమె చూపిన ఆ మాత్రం దయకు ఆయన గుండె కొంచెం కుదుటపడింది గాని, వెనక అద్దంలోంచి చూస్తే ఒక కారు అదే మలుపులో ఆగుతోంది. కిటికీ దిగింది. బిస్కట్ ప్యాకెట్ పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది.

“ఆపు బండి!”

అరిచింది జయమ్మ.