ముదురు గోధుమరంగు

ల్యాబులో ఆమెను రంగులమ్మ అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి, గాజు పలకల మీద రంగు పట్టించడం ఆమె పని. రంగు గట్టిగా పడితే పని కుదిరినట్టు. పాలిపోతే మళ్లీ మొదటికి. ఏళ్ల తరబడి ఆమె కన్ను ఆ లెక్కకే అలవాటుపడింది. పలక మీదున్నదానికి అర్థం చెప్పేది పెద్ద డాక్టరు.

ఆమె అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ. మొదటి విడత మందులకు తగ్గలేదు. ఇక చాలు, ఇంట్లోనే ఉంటానన్నాడు. అప్పుడే, అంతకుముందు తీసిన అతని గడ్డ ముక్క చెల్లెలి బల్ల మీదికి వచ్చింది. నంబరు చూసి పోల్చుకుంది.

పి53 అనే జన్యువు ఎలా ఉందో చూడమన్నారు. కణం బాగుపడలేనంతగా దెబ్బతింటే, చచ్చిపొమ్మని దానికి ఆజ్ఞ ఇచ్చేది ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను. దాన్ని కణానికి కాపలా అంటారు. ప్రోటీను ఉన్నచోట పలక మీద గోధుమరంగు వస్తుంది.

వచ్చింది. ఒక్క కణాన్నీ వదలకుండా, ముదురుగా.

పెద్ద డాక్టరు సెలవులో ఉంది. రంగులమ్మ ఆగలేక వదినకు ఫోను చేసింది.

"వదినా, కాపలా ఉంది. మందు పనిచేస్తుంది. అన్నయ్యని ఎలాగైనా ఒప్పించు."

వదిన ఒప్పించింది. చెల్లెలి మాట మీద అన్నయ్య సూదికి చెయ్యి చాచాడు. ఆ వారంలోనే నోరంతా పుండయింది. మంచినీళ్లు మింగాలన్నా కళ్లు మూసుకునేవాడు.

పెద్ద డాక్టరు తిరిగొచ్చి పలక చూసింది.

"రంగు బాగా కుదిరిందమ్మా. విద్యార్థులకి ఇంకోటి తీసిపెట్టు. జన్యువు చెడితే ఇలాగే ఉంటుంది."

"చెడిందా? ఇంత ఉంది కదా, మేడమ్."

"అందుకే చెడిందంటున్నా. మంచిదైతే పని చేసి కరిగిపోతుంది. అక్కడక్కడ లేతగా కనిపిస్తుంది. చెడింది పనీ చెయ్యదు, కరగనూ కరగదు. ఇలా పేరుకుపోతుంది."

"మరి మందు?"

"మందు కణాన్ని కొడుతుంది. చావమని చెప్పే దిక్కు లోపల లేదు. ఇదొక్కటే చూసి తేల్చలేం గానీ, మొదటి విడతకే గడ్డ తగ్గలేదని రాశారు. నేనైతే ఆశ పెట్టుకోను." పలక మీద నంబరే ఉంది. "ఎవరో పాపం."

"మా అన్నయ్య" అంది రంగులమ్మ.

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

సాయంత్రం ఆమె వెళ్లేసరికి అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కాళ్ల దగ్గర బకెట్టు. మర్నాడు ఇంకో సూది ఉంది. వదిన ఆసుపత్రి సంచి సర్దుతోంది.

"ఏమే రంగులమ్మా, మొహానికి రంగెయ్యడం మర్చిపోయావా?"

"అన్నయ్యా, నీకు తప్పు చెప్పాను." నిలబడే చెప్పింది. "కాపలా ఉన్నమాట నిజమే. కానీ చెడిపోయింది. చెడిపోయినందుకే అంత కనిపించింది. ఎక్కువుంటే మంచిదనుకున్నాను."

వదిన చేతిలో తువ్వాలు సగం మడతలో ఉంది. "నువ్వన్నావనే కదా, కాళ్లావేళ్లా పడి ఒప్పించాను."

అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు.

"అంటే బ్రేకు ఉంది. పట్టదు."

"అంతే."

"లిఫ్టు నడిపి చూడకుండా, బ్రేకు కనబడింది కదా అని సంతకం గీకి పోయే ఇన్‌స్పెక్టర్లుంటారు. వాళ్లని నేనెన్ని తిట్లు తిట్టేవాణ్నో నీకు తెలుసు."

"తెలుసు. తిట్టు."

"ఓపిక లేదే." దగ్గు తెర వచ్చింది. చెల్లెలు బకెట్టు దగ్గరికి జరిపింది. దగ్గు ఆగాక భార్య వైపు చూశాడు. "రేపు నేను రాను."

"డాక్టర్ని ఇంకోసారి అడుగుదాం" అంది వదిన.

"అడుగు. నేను మాత్రం కదలను."

వదిన సంచిలోంచి ఫ్లాస్కు తీసింది, దుప్పటి తీసింది.

"అయితే ఆ కణాలకి చావే రాదా?" అని అడిగాడు అన్నయ్య.

"వస్తుంది."

"ఎప్పుడు?"

చెల్లెలు బకెట్టు వైపు చూసింది. అతను తల ఊపాడు.

"నాతోపాటే అన్నమాట."

రంగులమ్మ వదిన వైపు తిరిగింది. "నువ్వయినా నన్నొక మాట అను, వదినా."

"అంటాలే. దానికి చాలా రోజులున్నాయి." వదిన తువ్వాలు మడత విప్పి దులిపింది. "ముందు ఆ బకెట్టు కడుక్కురా."

రంగులమ్మ బకెట్టు తీసుకుని పెరటి పంపు దగ్గరికి వెళ్లింది.