ఎడారికి కొలత

వచ్చే నెల అక్కా నేనూ ఎడారిలో ఇరవై రోజులు నడవబోతున్నాం. బట్టలు కత్తిరించే నా టైలరింగ్ బల్ల మీద మ్యాపు పరిచి, లెక్కల టీచరైన మా అక్క ఒక బావి నుంచి తర్వాతి బావికి స్కేలు పెట్టి గీత గీసింది. రెండు రోజుల నడక అని తేల్చి, నీళ్ళూ రెండు రోజులకే రాసేసింది. నాకు ఒళ్ళు మండింది. దారి అన్ని మెలికలు తిరుగుతుంటే స్కేలేమిటి? చొక్కా చంక కొలిచినట్టు, మలుపు మలుపుకీ దారం ఆనించి కొలిచాను.

"మూడు రోజులు. నాలుగు రోజులకి నీళ్ళు మోద్దాం."

"మూడేగా వచ్చింది?"

"కుట్లలోకి కాస్త బట్ట వదలొద్దా?"

"ఇదేమన్నా చొక్కానా?"

"చొక్కా అయితే అతుకేసేదాన్నక్కా. నీళ్ళు చాలకపోతే దేంతో అతకను?"

అక్క రెండు కొట్టేసి నాలుగు వేసింది.