లోపలి తడి

ఎండ ఆ వీధిని పట్టుకుని వదలని రోజులవి. చల్లమేస్త్రి షెడ్డులో మాత్రం నీడ పలచటి నీళ్లలా నేలమీద పరుచుకుని ఉండేది. కార్లలో ఏసీలు బాగుచేస్తాడని వీధివాళ్లు పెట్టిన పేరది. అసలు పేరుతో పిలిస్తే ఆయన పలికేవాడు కాదు.

ఆరోజు షెడ్డులో ఉన్నది అల్లుడి కారు. కారంటే ఉత్త కారు కాదు, మూడు వరసల సీట్లున్న ఏనుగు. ముందు బంపరూ జాలీ ఊడదీసేసరికి అది కట్టుడుపళ్లు తీసిన పెద్దమనిషిలా నోరు తెరుచుకుని నిలబడింది. రేడియేటర్‌కి ముందు నిలువుగా ఉండి, ఏసీ గ్యాసుని చల్లార్చే కండెన్సర్ మీద నీలం దీపం వేసి చూస్తే ఓ మూల పచ్చగా మెరిసింది. గ్యాసు ఆ మూలనుంచే, ఎవరికీ చెప్పకుండా, కొద్దికొద్దిగా వెళ్లిపోతోంది. మేస్త్రి పాత కండెన్సర్ విప్పేసి, కొత్తది దాని చోట నిలబెట్టి బోల్టులు బిగించాడు.

సాయంత్రానికి ఆ కారు ఆస్పత్రికి వెళ్లాలి. నెలలు నిండకుండా పుట్టిన మనవడు ఇవాళే అద్దాల పెట్టెలోంచి బయటికి వస్తున్నాడు. కూతురికి కుట్లు ఇంకా మానలేదు, ఎక్కువసేపు కూర్చోలేదు. వెనక సీట్లు మడిచి పరుపు వేయాలి. "దారంతా చల్లగా ఉంటేనే పంపిస్తాను. లేదంటే ఎండలు తగ్గేదాకా బిడ్డ ఇక్కడే ఉంటాడు" అని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది.

దేవుడు ఎండనీ ఇచ్చాడు, మనవణ్ణీ ఇచ్చాడు. రెంటినీ ఒకే నెలలో ఎందుకిచ్చాడా అని మేస్త్రి పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాడు. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకుందామనే.

ఆలోచిస్తూనే పైపు కలపడానికి కొత్త కండెన్సర్ మూతికున్న బిరడా తీశాడు. చల్లగా చేతిమీద ఏదో పడింది. చూస్తే నీళ్లు.

"ఏమే!" షెడ్డును ఆనుకునే ఉన్న ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఈ సామాను ఎవరు ముట్టుకున్నారు?"

భార్య గుమ్మంలోకి వచ్చింది. "నేనే. పొద్దున కుళాయి కింద పెట్టి కడిగాను. అంతా దుమ్మండీ."

"పైన కడిగావా, లోపల కూడానా?"

"కొత్త గిన్నె తెస్తే పైపైన తోమి ఊరుకుంటామా? బిరడాలు తీసి, లోపల నీళ్లు పోసి, గలగలలాడించి, పారబోసి మళ్లీ పెట్టాను. దాన్లోంచి వచ్చే గాలి పసివాడికి తగిలేది కదా!"

మేస్త్రి పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. "దాన్లోంచి గాలి రాదే తల్లీ, గ్యాసు తిరుగుతుంది. గ్యాసు తిరిగేచోట నీటిచుక్క ఉండకూడదు. ఉంటే గడ్డకట్టి దారికి అడ్డం పడుతుంది. లేదా లోలోపల గొట్టాల్ని తినేస్తుంది."

"ముందే చెప్పొచ్చుగా?"

"కండెన్సర్ కడగొద్దని పెళ్లాంతో చెప్పాలని నాకేం తెలుసు? ఇంకా నయం, సబ్బు వెయ్యలేదు."

ఆవిడ నేలచూపులు చూసింది. "వేద్దామనే వెతికానండీ. అయిపోయింది."

కోపం రావలసినచోట మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే ఒకటి గుర్తొచ్చింది. ఈ బండికి సరిపడేది ఇంకొకటి దగ్గర్లో ఏ కొట్లోనూ లేదు.

కండెన్సర్ని మళ్లీ విప్పి తలకిందులు చేశాడు. సిలిండర్‌లోని నైట్రోజన్‌తో ఊదాడు. తుంపర్లు పడ్డాయి, తరవాత ఉత్త గాలి వచ్చింది. అయినా ఆ వెంట్రుకంత దారుల్లో ఇంకెంత తడి దాగి ఉందో! ఇక మిగిలింది ఒకటే దారి. అన్నీ బిగించి, కొత్త రబ్బరు రింగులు వేసి, తేమ పీల్చే డబ్బా మార్చి, వాక్యూమ్ పంపు తగిలించాడు.

పంపు జోలపాటలా మొదలైంది. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఇదేం చేస్తుందండీ?"

"లోపల ఏమీ లేకుండా చేస్తుంది. గాలి కూడా లేకుండా. అప్పుడు నిప్పు లేకుండానే నీళ్లు మరిగి, ఆవిరై పోతాయి."

"నిప్పు లేకుండానా?" ఆవిడ కండెన్సర్‌కి చెవి ఆనించింది. "ఏమీ వినపడదే."

ఆయనా కళ్లు మూసుకున్నాడు. సన్నటి గొట్టాల చీకట్లో, సెగ లేకుండా, సడి లేకుండా నీళ్లు మరుగుతున్నట్టనిపించింది. అంతా తీసేశాక మిగిలే ఆ ఖాళీలో దేవుడు ఉంటాడా, ఆయన్నీ పంపు లాగేస్తుందా? అడగరాని ప్రశ్నేమో. మూసిన కళ్లముందు, అద్దాల పెట్టెలో మనవడి పొట్ట లేస్తూ దిగుతూ ఉంది. ఆ లయా పంపు లయా ఒకటే అయిపోయి, షెడ్డంతా మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టుంది.

ఉలిక్కిపడి లేచి, పంపు కట్టేసి, ఒత్తిడి చూపే గేజీ చూశాడు. అడుక్కి దిగిన ముల్లు సన్నగా పైకి పాకి, ఒకచోట ఆగిపోయింది.

"లీకా?" అంది భార్య.

"లీకైతే ఆగదు, పాకుతూనే ఉంటుంది. ఇది తడి. ఇంకా ఉంది."

అప్పుడే కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, డాక్టరమ్మ అడుగుతోంది. బండి సిద్ధమేనా?"

ఇప్పుడే గ్యాసు పట్టేస్తే ఇవాళ్టికి చల్లబడుతుంది. నడిదారిలో తడి గడ్డకట్టి ఏసీ ఆగితే? ఎండలో, పసిగుడ్డుతో? సిద్ధమే అనడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు.

"ఇంకా తడారలేదమ్మా. ఆరకపోతే రానని చెప్తాను. కాసేపు ఆగమను."

ఫోన్ పెట్టేసి మళ్లీ ముల్లువంక చూశాడు. భార్య వాకిట్లో తెల్లగా మండుతున్న ఎండవంక చూస్తూ, "తడిబట్ట నీడలో ఆరేస్తారా ఎవరైనా?" అంది తనలో తనే అనుకుంటున్నట్టు.

మేస్త్రి ఆవిణ్ణి చూశాడు, ఎండని చూశాడు. "లే, తొయ్యి!"

షెడ్డు నేల బయటికి కాస్త వాలు. పంపుతో సహా ఏనుగు మూతిని ఎండలోకి తోశారు. రేకు కాలింది. కండెన్సర్ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మళ్లీ పంపు పాట. ఏ ఎండని పొద్దుటినుంచీ తిట్టుకున్నాడో ఆ ఎండే ఇప్పుడు లోపలి తడిని తోడుతోంది. ఇందుకే ఇచ్చాడా? ఏమో. అంత తేలిగ్గా జవాబు చెప్పే దేవుడు కాదాయన.

నీడలు సాగాక పంపు ఆపాడు. ముల్లు పడుకున్నచోటే పడుకుంది. ఎంతసేపు చూసినా కదల్లేదు.

గ్యాసు పట్టి, బంపరు బిగించి, ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. అల్లుడు కూతుర్ని పరుపుమీద పడుకోబెట్టి పక్కన కూర్చున్నాడు. అమ్మమ్మ మనవణ్ణి ఒళ్లోకి తీసుకుంది. వాడు గుప్పెడంత ఉన్నాడు. ఏసీ వేయగానే బండంతా చెరువుగట్టు మీది వేకువలా అయిపోయింది. మేస్త్రి గర్వంగా అద్దంలోకి చూశాడు.

మనవడు తుమ్మాడు.

"తగ్గించండీ! ఏమిటా చలి?" అమ్మమ్మ ఒక చేత్తో గాలి రంధ్రాలు మూసేస్తూ కసురుకుంది. "పిల్లాణ్ణి గడ్డ కట్టిస్తారా?"

"మావయ్యా, తగ్గించెయ్యండి. అత్తయ్యతో గెలవడం మీ వల్ల కాదు" అన్నాడు అల్లుడు వెనకనుంచి.

మేస్త్రి మీట తిప్పాడు. అద్దాల బయట రోడ్డు సాయంత్రపు ఎండలోనూ కరిగి పారుతోంది. లోపల ఒక్కొక్కరే నిద్రలోకి జారుకున్నారు. ముందర కండెన్సర్ ఎక్కడా తడి లేకుండా తన పని తాను చేసుకుపోతోంది. మేస్త్రి బండిని ఏనుగులా కాక, నిండుకుండలా నడిపాడు.